ఎమర్జెన్సీ వైద్యంలో కొత్త ఐడియా ఉంది, గ్రాంట్ ఎలా? – మీ ప్రశ్నలు, నా జవాబులు

ఎమర్జెన్సీ వైద్యంలో కొత్త పరికరాలకీ కొత్త పద్ధతులకీ గ్రాంట్లు తెచ్చుకోవడం మీద డౌట్లుంటే పంపండి అని పోయిన సంచికలో ఒక్క లైను వేశాం, అంతే, మెయిల్ బాక్స్ నిండిపోయింది. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు కాబట్టి ఎక్కువమంది అడిగినవి ఏరాను, ఒకే డౌటు నలుగురు అడిగితే ఒకటిగా కలిపేశాను. నన్ను ఎరగనివాళ్ళ కోసం చెప్తున్నా, పదేళ్ళు క్యాజువాలిటీలో నర్సుగా చేశాను, తర్వాత గ్రాంట్ అప్లికేషన్లు చదివి మార్కులేసే కమిటీల్లో కూర్చున్నాను, నా సొంత అప్లికేషన్ రెండుసార్లు తిరిగొచ్చింది కూడా. ఎక్కడైనా గట్టిగా మాట్లాడినట్టు అనిపిస్తే ఏమనుకోకండి, ఆ చివాట్లన్నీ ముందు నేను తిన్నవే.

ప్రశ్న: మేడమ్, నేను తొమ్మిదేళ్లుగా స్టాఫ్ నర్సుని. అంబులెన్స్ వాళ్ళు పేషెంట్‌ని దింపేటప్పుడు నోటితో గబగబా చెప్పేది మాకు సగం గుర్తుండదు. అందుకని ఒక చిన్న కార్డు తయారుచేశాను, దార్లోనే వాళ్ళు నింపి పేషెంట్ చేతికి కట్టేస్తారు. మా షిఫ్ట్ వరకు వాడుతున్నాం, బాగానే ఉంది. గ్రాంట్లు మెషిన్లకే ఇస్తారు, కార్డు ముక్కకి ఎవరిస్తారు అని అందరూ నవ్వుతున్నారు. నేను అప్లై చేయొచ్చా?

జవాబు: చేయొచ్చమ్మా, తప్పకుండా చేయండి. మీ ఉత్తరం చదువుతుంటే నా గ్లవ్ గుర్తొచ్చింది. ఒక రాత్రి అంబులెన్స్ అబ్బాయి బీపీ 80/50, దార్లో లీటరు సెలైన్ వెళ్లింది అని చెప్తే చేతికి కాగితం దొరక్క నా ఎడమచేతి గ్లవ్ మీదే బాల్ పెన్నుతో రాసుకున్నా, పేషెంట్‌ని బెడ్ మీదకి మార్చాం, గ్లవ్‌కి రక్తం అంటిందని తీసి డబ్బాలో పడేశా. పావుగంట తర్వాత డాక్టర్ గారొచ్చి దార్లో ఎంత ఫ్లూయిడ్ ఎక్కించారు అని అడిగారు. అందరం డబ్బా వైపు చూశాం.

నవ్వేవాళ్ళకి ఒక సంగతి చెప్పండి. 1990ల మొదట్లో కెనడాలో ఇయాన్ స్టియెల్ అనే ఎమర్జెన్సీ డాక్టరు, ఆయన టీమ్, చీలమండ మెలిపడి వచ్చినవాళ్ళలో ఎవరికి ఎక్స్‌రే కావాలి ఎవరికి అక్కర్లేదు అని తేల్చడానికి కొన్ని రూల్స్ రాశారు, ఒటావా యాంకిల్ రూల్స్ అంటారు వాటిని. ఎముక మీద ఫలానా చోట నొక్కితే నొప్పుందా, నాలుగడుగులు వేయగలుగుతున్నారా, ఇంతే, మెషిన్ లేదు బ్యాటరీ లేదు. 1994లో వచ్చిన స్టడీలో ఈ రూల్స్ వాడిన హాస్పిటల్లో చీలమండ ఎక్స్‌రేలు నాలుగో వంతుకి పైగా తగ్గాయి. ఇవాళ ప్రపంచమంతా వాడుతున్నారు. మీ కార్డు కూడా ఆ జాతిదే.

కాకపోతే ‘బాగానే ఉంది’ అనే మాటకి కమిటీలో మార్కులు పడవు, అది మా షిఫ్ట్ మాట, వాళ్ళకి లెక్క కావాలి. కార్డు లేనప్పుడు ఓ యాభైమంది పేషెంట్ల విషయంలో అంబులెన్స్ వాళ్ళు చెప్పినవి ఎన్ని, వాటిలో కేస్ షీట్‌లోకి ఎక్కినవి ఎన్ని, కార్డు పెట్టాక ఎన్ని, ఈ రెండు అంకెలుంటే చాలు మొదటి అప్లికేషన్‌కి. ఇప్పటికే వాడుకలో ఉన్న పద్ధతులు కూడా చూడండి, ఆట్‌మిస్ట్ అని ఒకటుంది: వయసు, ఎప్పుడు జరిగింది, ఎలా జరిగింది, ఏ గాయాలు, పల్స్ బీపీ ఎంత, ఏం వైద్యం చేశారు అని వరసగా చెప్తారు. మీ కార్డు దానికంటే ఏం ఎక్కువ చేస్తుందో రాయకపోతే రివ్యూయర్ మొదట అడిగేది అదే.

ఒక జాగ్రత్త చెప్తా, ఇది మాత్రం సీరియస్‌గా తీసుకోండి. మీ షిఫ్ట్ వరకు వాడుతున్నామన్నారు కదా, ఆ పేషెంట్ల వివరాలు ఇప్పట్నుంచీ లెక్కేసి అప్లికేషన్‌లో పెట్టేస్తే, పేషెంట్ల మీద చేసే పరిశోధన సబబేనా అని చూసే ఎథిక్స్ కమిటీ పర్మిషన్ ఏది అని అడుగుతారు, అప్పుడు చూపించడానికేం ఉండదు, కష్టపడి పోగేసిన డేటా అంతా పనికిరాకుండా పోతుంది. ముందు సూపరింటెండెంట్‌కి, ఎథిక్స్ కమిటీకి ఒక కాగితం పెట్టండి, తర్వాత లెక్క మొదలెట్టండి. డబ్బు సాధారణంగా వ్యక్తి పేరు మీద రాదు, సంస్థ అకౌంట్‌లోకే వస్తుంది, కాబట్టి మీ హాస్పిటలే అప్లై చేయాలి, మీరు ప్రధాన దరఖాస్తుదారుగా ఉండి, లెక్కలు తెలిసిన ఒక స్టాటిస్టిక్స్ మనిషిని పక్కన పెట్టుకోవచ్చు. పేరు మాత్రం మీదే ముందు ఉండాలి, ఎవరో పెద్ద డాక్టర్ పేరు పైన పెట్టి మీరు కింద ‘సహాయకురాలు’ అయిపోకండి, అలా అయిపోయినవాళ్ళని చాలామందిని చూశా.

ప్రశ్న: అక్కా, మేము నలుగురం ఇంజినీరింగ్ స్టూడెంట్స్, గుండె ఆగిన పేషెంట్‌కి ఛాతీ మీద ఆటోమేటిక్‌గా సీపీఆర్ చేసే, అంటే ఛాతీని ఆపకుండా నొక్కే మెషిన్ చేశాం, బరువు తక్కువ, ఖర్చు తక్కువ. బొమ్మకి బిగించి ఆన్ చేయడానికి 40 సెకన్లు పడుతోంది. గ్రాంట్‌కి పెట్టాం, ‘సమస్య స్పష్టంగా లేదు’ అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు. గుండె ఆగడం సమస్య కాదా?

జవాబు: మీ కోపం నాకర్థమైంది తమ్ముడూ, కానీ మీరు పంపిన అప్లికేషన్ మొత్తం చదివాను, రివ్యూయర్ రాసింది కరెక్టే. మొదటి పేరా అంతా ఎమర్జెన్సీ వైద్యం ఎంత ముఖ్యమో, రెండో పేరా అంతా టెక్నాలజీ ఎంత పెరిగిపోయిందో, మూడో పేజీలో గానీ మెషిన్ కనిపించలేదు. చదివేవాళ్ళందరూ ఆ వార్డులో పనిచేసినవాళ్ళే, గుండె ఆగితే మనిషి పోతాడని వాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇంకో పెద్ద చిక్కుంది, అది మీకు ఎవరూ చెప్పినట్టు లేరు. ఇలాంటి మెషిన్లు మార్కెట్లో ఎప్పట్నుంచో ఉన్నాయి, వాటి మీద పెద్ద పెద్ద ట్రయల్స్ కూడా అయిపోయాయి. బ్రిటన్‌లో పారామెడిక్ ట్రయల్ అని 4,471 మంది మీద చేశారు, 2015లో ఫలితాలొచ్చాయి, మెషిన్‌తో చేసినా చేత్తో చేసినా 30 రోజుల తర్వాత బతికి ఉన్నవాళ్ళ లెక్కలో మెషిన్ ఏమీ మెరుగ్గా రాలేదు. ప్యానెల్లో కనీసం ఇద్దరికి ఈ సంగతి తెలిసుంటుంది. మీరు ‘మా మెషిన్ ప్రాణాలు కాపాడుతుంది’ అని రాయగానే వాళ్ళు పెన్ను కింద పెట్టేసి ఉంటారు.

అలాగని వదిలేయమని కాదు. మెషిన్ ఎక్కడ నిజంగా పనికొస్తుందో ఆ చోటు పట్టుకోండి. మీ బదులు నేను రాస్తే మొదటి పేరా ఇలా ఉండేది, ఊరికే నమూనాకి చూడండి: ‘కదులుతున్న అంబులెన్స్ వెనక భాగంలో చాలాసార్లు ఒక్క టెక్నీషియనే ఉంటారు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకి తగ్గకుండా 6 దాటకుండా నొక్కాలి. నిలబడి నొక్కుతుంటే సీటు బెల్టు ఉండదు, బండి మలుపు తిరిగితే చెయ్యి జారుతుంది, టెక్నీషియన్ కూడా పడిపోవచ్చు. మెషిన్ పెడితే ఈ ఇబ్బంది పోతుంది, కానీ బిగించేంతసేపు నొక్కడం ఆగిపోతుంది. మా మెషిన్‌తో ఇప్పుడు అది 40 సెకన్లు. మొదట వీపు కింద పలక జరిపి, నొక్కడం ఆపకుండానే పై భాగం తగిలిస్తే ఆ విరామాన్ని 10 సెకన్ల లోపుకి తేగలమా, తేలేమా అన్నది ఈ ఆరు నెలల్లో తేలుస్తాం.’ చూశారా, ఇందులో ప్రాణాలు కాపాడతాం అన్న మాటే లేదు. మీకు తెలియనిది ఏంటో, దాన్ని ఎలా తేల్చుకుంటారో, దానికెంతవుతుందో ఉంది, మొదటి విడత గ్రాంట్ ఇచ్చేది సరిగ్గా దానికే.

ఆ 40 సెకన్ల సంగతి మీరు అప్లికేషన్‌లో దాచారు, నాకు ఉత్తరంలో మాత్రం రాశారు. దాచకండి. లోపం మీ నోటితో చెప్తే అది ప్లాన్ అవుతుంది, రివ్యూయర్ కనిపెడితే దొంగతనం పట్టుబడినట్టు ఉంటుంది.

ఇంకొకటి, ల్యాబ్ టేబుల్ మీద పనిచేసిన కరెంటు పరికరం అంబులెన్స్‌లో పనిచేస్తుందని గ్యారంటీ లేదు, కుదుపులు, వాన, ఎండ, కింద పడిపోవడాలు ఉంటాయి కదా, అందుకే వైద్య పరికరాల భద్రతకి ఐఈసీ అనే అంతర్జాతీయ సంస్థ పెట్టిన 60601 స్టాండర్డ్స్‌లో 1-12 అని ప్రత్యేకంగా ఎమర్జెన్సీ సర్వీసుల వాతావరణం కోసమే ఒక భాగం పెట్టారు. దాన్ని చదివి, అందులో ఏ పరీక్షకి మీ మెషిన్ నిలబడుతుంది దేనికి నిలబడదు అని అర పేజీ రాయండి, స్టూడెంట్సే అయినా తెలిసి చేస్తున్నారు అనిపిస్తుంది.

ప్రశ్న: మా ఐడియా అప్లికేషన్‌లో రాస్తే ఎవరైనా కొట్టేస్తారా? గ్రాంట్ ఇచ్చినవాళ్ళకి కంపెనీలో వాటా ఇవ్వాలా? (ఇది పదకొండుమంది అడిగారు)

జవాబు: గ్రాంట్ అంటేనే వాటా అడగని డబ్బు, వాటా అడిగితే అది పెట్టుబడి. అమెరికాలో చిన్న కంపెనీల రీసెర్చ్‌కి ప్రభుత్వ డబ్బిచ్చేందుకు 1982లో మొదలైన ఎస్‌బీఐఆర్ ప్రోగ్రామ్ అయినా, ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) కోసం పెట్టిన ఎస్‌బీఆర్‌ఐ హెల్త్‌కేర్ అయినా వాటా తీసుకోవు, ఐడియా మీద హక్కు కంపెనీ దగ్గరే ఉంటుంది. ప్రతి స్కీమ్‌కీ షరతులు వేరు కాబట్టి సంతకం పెట్టేముందు ఆ పేజీ మాత్రం చదవండి. దొంగతనం సంగతంటారా, రివ్యూయర్లు గోప్యత కాగితం మీద సంతకం పెడతారు, పైగా వాళ్ళ టేబుల్ మీద నలభై అప్లికేషన్లు ఉంటాయి, వాటిని ఆదివారం సాయంత్రం లోపు చదవడమే గగనం. పేటెంట్ తీసుకునే ఉద్దేశం ఉంటే అప్లికేషన్‌కంటే కాన్ఫరెన్సులో పోస్టర్ పెట్టడం గురించి ఎక్కువ భయపడండి, బయటపెట్టాక చాలాచోట్ల పేటెంట్ రాదు.

ప్రశ్న: మేడమ్ గారూ, క్యాజువాలిటీకి వచ్చినవాళ్ళలో ఎవరు సీరియస్ అవుతారో ముందే చెప్పే ఏఐ సాఫ్ట్‌వేర్ మాది. పాత రికార్డుల మీద 94 శాతం యాక్యురసీ వచ్చింది. అయినా రిజెక్ట్ చేశారు. కమిటీలో ముసలివాళ్ళు ఉంటే ఇంతేనా?

జవాబు: ఆ ముసలివాళ్ళలో నేనూ ఒకదాన్ని నాయనా, పోనీలే.

చిన్న లెక్క చేద్దాం. వందమంది వచ్చారు, అందులో నిజంగా సీరియస్ అయ్యేది ఐదుగురు అనుకోండి. నేనొక సాఫ్ట్‌వేర్ రాస్తా, ఎవరొచ్చినా ‘ఏం కాదు, కూర్చోండి’ అనే అంటుంది. దాని యాక్యురసీ ఎంత? 95 శాతం. మీదానికంటే ఒకటి ఎక్కువే. ఆ ఐదుగురూ మాత్రం పోయారు. అందుకే యాక్యురసీ అనే ఒక్క అంకె చూసి ఎవరూ డబ్బులివ్వరు, సీరియస్‌వాళ్ళలో ఎంతమందిని పట్టింది, పట్టినవాళ్ళలో ఎన్ని ఉత్తుత్తి అలారాలు, రాత్రి షిఫ్ట్‌లో ఒక నర్సుకి గంటకి ఎన్ని అలారాలు మోగుతాయి, ఇవి కావాలి. మూడోదాన్ని ఎవరూ రాయరు, అలారం పదిసార్లు ఉత్తినే మోగితే పదకొండోసారి ఎవరూ తల కూడా తిప్పరు, నాన్నా పులి కథ మీకు తెలిసిందేగా.

2021లో అమెరికాలో బయటికొచ్చిన ఒక స్టడీ ఉంది, ఇన్‌ఫెక్షన్‌కి ఒళ్ళు అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినే సెప్సిస్‌ని ముందే పట్టేస్తుందని వందల హాస్పిటళ్లలో పెట్టిన ఒక మోడల్‌ని మిషిగన్ యూనివర్సిటీ వాళ్ళు తమ పేషెంట్ల మీద విడిగా పరీక్షిస్తే, సెప్సిస్ ఉన్నవాళ్ళలో 67 శాతం మందిని అది పట్టలేదు, పైగా అడ్మిట్ అయిన మొత్తం పేషెంట్లలో 18 శాతం మందికి అలారం మోగించింది. చేసినవాళ్ళు చిన్నవాళ్ళేం కాదు, చాలా పెద్ద కంపెనీ. సొంత రికార్డుల మీద బాగా వచ్చింది వేరే హాస్పిటల్‌కి వెళ్ళేసరికి బోల్తా పడటం ఈ రంగంలో మామూలే, దానికి మీరు రెడీగా ఉన్నారా అనేదే కమిటీ చూసేది.

సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు, వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ సంగతే చూడండి, టకువో అవొయాగి 1970ల్లో జపాన్‌లో కనిపెట్టినది, ఎమర్జెన్సీలో అది లేని బెడ్ ఉండదు. అలాంటిది 2020లో ఒక స్టడీ చూస్తే, ఆక్సిజన్ నిజంగా పడిపోయినా ఆ మెషిన్ బాగానే ఉందని చూపించడం తెల్లవాళ్ళకంటే నల్లజాతి పేషెంట్లలో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా జరుగుతోందని తేలింది. అన్నేళ్ళు అందరం వాడాం. అందుకే మీ డేటాలో ఎవరున్నారు ఎవరు లేరు అని అడిగితే దాన్ని రాజకీయం అనుకోకండి.

మళ్ళీ పెట్టేటప్పుడు ఏం చేయాలంటే, రెండో హాస్పిటల్ ఒకటి కలుపుకోండి, మీ సాఫ్ట్‌వేర్‌ని కొన్ని నెలలు మౌనంగా నడపండి, అంటే అది లెక్కలేస్తుంది గానీ ఎవరికీ చూపించదు, తర్వాత నిజంగా ఏం జరిగిందో దాంతో పోల్చండి. పేషెంట్‌కి ఏ ప్రమాదం లేదు, ఎథిక్స్ కమిటీ కూడా తొందరగా ఒప్పుకుంటుంది. ఆ మౌనంగా నడిపే పనికే మొదటి విడత డబ్బు అడగండి.

ప్రశ్న: నేను ఎమర్జెన్సీ డాక్టర్‌ని. స్పృహ లేని పేషెంట్ల మీద మా పరికరం పరీక్షించాలి, కన్సెంట్ ఎవరిస్తారు అని రివ్యూయర్ అడిగారు. బంధువులొచ్చేదాకా ఆగితే పరీక్షకి అర్థమే లేదు.

జవాబు: మీ రివ్యూయర్ అడ్డుపుల్ల వేయలేదు, మీరు దీని గురించి ఆలోచించారా లేదా చూశారు. మనుషుల మీద చేసే వైద్య పరిశోధనకి నీతి నియమాలు చెప్పే హెల్సింకి డిక్లరేషన్ గురించి డాక్టర్లందరూ వింటారు గదా, అందులోనే స్పృహ లేనివాళ్ళ గురించి ఉంది, ఆ పరిస్థితిలో ఉన్నవాళ్ళ మీదే చేయాల్సిన రీసెర్చ్ అయితే, ఆగడానికి వీల్లేకపోతే, ప్రొటోకాల్‌లో కారణం రాసి ఎథిక్స్ కమిటీ ఆమోదం తీసుకుని మొదలుపెట్టొచ్చు, వీలైనంత తొందరగా పేషెంట్ దగ్గరో వాళ్ళ తరఫు మనిషి దగ్గరో కన్సెంట్ తీసుకోవాలి. అమెరికాలో అయితే 1996 నుంచి దీనికి విడిగా రూలే ఉంది, మొదలెట్టేముందు అక్కడి జనంతో మాట్లాడాలి, ఊరందరికీ తెలిసేలా ప్రకటించాలి అని కూడా అందులో ఉంది. మీ దేశంలో రూలు ఏం చెప్తుందో మీ ఎథిక్స్ కమిటీ సెక్రటరీని అడగండి, అప్లికేషన్ రాయకముందే అడగండి.

ఇలా చేసి గెలిచిన పనికి క్రాష్-2 ట్రయల్ ఒక్కటి చాలు. ట్రానెగ్జమిక్ యాసిడ్ అని, రక్తం గడ్డ కరిగిపోకుండా ఆపే పాత మందు, 1960ల్లో జపాన్‌లో ఒకమోటో దంపతులు కనిపెట్టింది, చవక. గాయాలై రక్తం పోతున్నవాళ్ళకి ఇస్తే బతుకుతారా అని 40 దేశాల్లో 20,211 మంది మీద చూశారు, 2010లో ఫలితం వచ్చింది, చావులు తగ్గాయి. తర్వాత లోతుగా చూస్తే మూడు గంటల్లోపు ఇస్తేనే మేలు, దాటాక ఇస్తే కీడు కూడా జరగొచ్చని తేలింది. ఆలస్యం అమృతం విషం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. పేటెంట్ అయిపోయిన మందుకి ఏ కంపెనీ అయినా అంత పెద్ద ట్రయల్ ఒంటరిగా ఎందుకు చేయిస్తుంది చెప్పండి, బ్రిటన్ ప్రభుత్వ రీసెర్చ్ డబ్బు ప్రధానంగా పెట్టబట్టే అయింది. కొత్త వస్తువు కనిపెట్టాలనే రూలేం లేదు, పాత మందుని సరైన నిమిషంలో అందించడం కూడా ఇన్నోవేషనే.

ప్రశ్న: బడ్జెట్ ఎంత అడగాలి? తక్కువ అడిగితే ఇచ్చే ఛాన్స్ ఎక్కువా?

జవాబు: కాదండీ. తక్కువ అడిగితే పని తెలియదు అనుకుంటారు. స్కీమ్ గరిష్ఠం ఎంతో చూసి దానికి సరిపోయే పని రాయండి, ఉదాహరణకి ఇంగ్లండ్ ఎస్‌బీఆర్‌ఐలో మొదటి విడత ఆరు నెలలకి లక్ష పౌండ్ల దాకా ఇస్తూ వచ్చారు, అది పనవుతుందా లేదా తేల్చుకోడానికే, అందులో అమ్మకాల టీమ్ జీతాలు పెడితే నవ్వుతారు. అందరూ మర్చిపోయే ఖర్చు ఒకటుంది, ట్రైనింగ్‌కి నర్సుని పిలిస్తే ఆ గంట ఆమె బదులు డ్యూటీ చేసేవాళ్ళకి డబ్బు. దాన్ని బడ్జెట్లో చూస్తే నాకు చెప్పలేనంత ఇష్టం, ఎవరో వార్డు చూసి రాశారు అనిపిస్తుంది. ఎథిక్స్ ఫీజు, ఇన్సూరెన్స్, డేటా శుభ్రం చేసే మనిషి, విరిగిపోతే ఇంకో నమూనా, ఇవి కూడా.

ప్రశ్న: కోపం తెచ్చుకోకండి. వార్డులో బెడ్లు లేక పేషెంట్లు స్ట్రెచర్ల మీద గంటలు గంటలు ఉంటుంటే ఈ యాప్‌లకీ మెషిన్లకీ డబ్బు తగలేయడం దేనికి? ఆ డబ్బుతో నాలుగు బెడ్లు వేయొచ్చుగా?

జవాబు: కోపమెందుకు, నేనూ కమిటీలో కూర్చుని ఇదే అనుకున్న రోజులున్నాయి. క్యాజువాలిటీ కిక్కిరిసిపోవడానికి కారణం చాలాసార్లు క్యాజువాలిటీలో ఉండదు, పై అంతస్తులో ఉంటుంది. అక్కడ డిశ్చార్జ్ కావాల్సినవాళ్ళు సాయంత్రం దాకా కదలరు, కింద అడ్మిట్ అయినవాళ్ళు స్ట్రెచర్ మీద ఆగిపోతారు, ఆ స్ట్రెచర్ ఖాళీ కాక అంబులెన్స్ బయట ఆగిపోతుంది. ముందున్న డబ్బా కదలకపోతే వెనక రైలంతా ఆగినట్టే. ‘రద్దీ తగ్గిస్తాం’ అని ట్రయాజ్ యాప్ (వచ్చినవాళ్ళలో ఎవరిని ముందు చూడాలో తేల్చేది) పెట్టేవాళ్ళలో చాలామంది ఈ సంగతి చూడరు, లోపలికి వచ్చే గేటు దగ్గర నిలబడతారు, బయటికెళ్ళే గేటు మూసి ఉందని గమనించరు. అలాంటి అప్లికేషన్లకి నేనైతే తక్కువ మార్కులే వేశాను.

బెడ్లు వేయడం ప్రభుత్వం, హాస్పిటల్ బడ్జెట్ల పని, అది గ్రాంట్‌తో అయ్యేది కాదు, గ్రాంట్ రెండేళ్లకి అయిపోతే ఆ బెడ్ దగ్గర నర్సు జీతం ఎవరిస్తారు? గ్రాంట్‌తో అయ్యే పని వేరే ఉంది. 1970ల్లో అమెరికాలో రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ కోటిన్నర డాలర్లు తీసి 44 ప్రాంతాలకి గ్రాంట్లిచ్చింది, ఏ మెషిన్‌కో కాదు, ఫోన్ ఎత్తే మనిషి, అంబులెన్స్, హాస్పిటల్ ఒకరితో ఒకరు మాట్లాడుకునే ఏర్పాటు ప్రాంతమంతటికీ కలిపి పెట్టుకోడానికి. అప్పటిదాకా ఎవరి గోల వాళ్ళది. మీరు హాస్పిటల్లో పనిచేసేవారైతే ఆ పై అంతస్తు డిశ్చార్జ్ మీదే ఒక అప్లికేషన్ రాయండి, నిజంగా చెప్తున్నా, మందుల చీటీ కోసం ఆగిన గంటలెన్ని, బండి కోసం ఆగిన గంటలెన్ని అని ఒక వారం లెక్కేస్తే చాలు మొదలెట్టడానికి.

ప్రశ్న: మొదటి గ్రాంట్ వచ్చింది, పరికరం పనిచేసింది, రిపోర్ట్ ఇచ్చాం, చప్పట్లు కొట్టారు. రెండేళ్లయింది, ఒక్క హాస్పిటల్ కొనలేదు. ఎక్కడ తప్పు చేశాం?

జవాబు: మీ ఒక్కరికే కాదు ఇది. ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అని బెల్‌ఫాస్ట్‌లో గుండె డాక్టరు, పేషెంట్లు హాస్పిటల్‌కి వచ్చేలోపే పోతున్నారు, షాకిచ్చే మెషినే వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి అని 1965లో కారు బ్యాటరీల మీద నడిచే డీఫిబ్రిలేటర్ తయారుచేశాడు, బరువు 70 కిలోలు. మూడేళ్లు తిరక్కుండా దాన్ని 3 కిలోల దగ్గరకి తెచ్చాడు, నాసా కోసం చేసిన చిన్న కెపాసిటర్ (కరెంటు నిలవచేసే భాగం) అందులో వాడి. ప్రపంచమంతా ఆయన పద్ధతి ఎత్తుకుంది. మరి ఆయన సొంత దేశంలో ముందు వరుస అంబులెన్సులన్నిటికీ డీఫిబ్రిలేటర్ పెట్టడానికి 1990 దాకా పట్టింది. గుండె ఆగినవాళ్ళకి సీపీఆర్ కూడా లేకపోతే నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున బతికే అవకాశం తగ్గిపోతుందని తెలిసిన విషయానికే పాతికేళ్లు.

మీరు పంపిన అప్లికేషన్ చూస్తే నాకు కనిపించింది ఒకటే. మీ పరికరం వల్ల అంబులెన్స్ సర్వీస్‌కి టైమ్ మిగులుతోంది, కానీ కొనాల్సింది హాస్పిటల్. లాభం ఒకరికి, బిల్లు ఇంకొకరికి. హాస్పిటల్ మేనేజర్ ఎందుకు సంతకం పెడతాడు? ఇది మొదటి విడతలోనే తేల్చుకోవాల్సింది, ఏ బడ్జెట్ పద్దులోంచి కొంటారు, ప్యాడ్‌లూ ట్యూబులూ ఎవరు ఆర్డర్ పెడతారు, మూడు నెలలకోసారి స్టాఫ్ మారిపోతుంటే కొత్తవాళ్ళకి ఎవరు నేర్పిస్తారు, పాడైతే ఎన్ని గంటల్లో వస్తారు. మీ అప్లికేషన్‌కి జతచేసిన నాలుగు సపోర్ట్ లెటర్లు చూశాను, నాలుగూ ‘శుభాకాంక్షలు’ లెటర్లే. ‘ఫలానా ఫలితం చూపిస్తే పన్నెండు కొని ఆరు నెలలు వాడి చూస్తాం’ అని ఒక్క లెటర్ ఉంటే ఆ నాలుగూ అక్కర్లేదు. రెండో విడతకి పెట్టేముందు ఆరోగ్య ఖర్చుల లెక్క తెలిసిన ఎకనమిస్ట్‌ని ఒకరిని పట్టుకోండి, ఆ తర్వాత మేనేజర్ దగ్గరికి వెళ్ళండి, డాక్టర్ దగ్గరికి కాదు. డాక్టర్ ఇప్పటికే మీ వైపు ఉన్నాడు, పాపం ఆయన చేతిలో చెక్‌బుక్ లేదు.

ప్రశ్న: ఆఖరి తేదీ రాత్రి 11:50కి సబ్మిట్ కొట్టాను, పోర్టల్ తిరుగుతూనే ఉంది, 12 దాటింది. బతిమాలితే తీసుకుంటారా?

జవాబు: తీసుకోరు. నాదీ ఒకటి అలాగే పోయింది, సంస్థ హెడ్ గారి సంతకం స్కాన్ సైజు ఎక్కువైంది. ఈసారి రెండ్రోజుల ముందు పెట్టండి, ఆ స్కాన్ ఫైలు మాత్రం ఇవాళే చిన్నది చేసి దాచుకోండి.